బాబాయి చూడకుండా వేసిన గేరు

మా ఇంట్లో జరిగినవి ఒక్కొక్కటే మరపున పడిపోతున్నాయని తోచి, గుర్తున్నంతవరకు రాసి పెడుతున్నాను. ఇది మా బాబాయి చెప్పిన కథ. దేవుడికి దణ్ణం పెట్టే చేత్తో అబద్ధం రాయలేను. అందుకని ముందే చెబుతున్నాను, ఇందులోని అబద్ధాలన్నీ ఆయనవే, నేను విన్నది విన్నట్టు దింపుతున్నాను.

మా తాతయ్య మోటారు షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. పోటీకి వెళ్ళే బండి గేర్లు ఎవరు బాగుచేస్తే, పోటీలో ఆ బండిని వాళ్ళే నడపాలి. "చెడితే ఎవణ్ణి తిట్టాలో నాకు తెలియొద్దూ!" అనేవాడు తాతయ్య.

ఆ ఏడు కొండ పోటీకి మా ఎర్ర బండి వెళ్తోంది. రెండే సీట్లు, పులిలాంటి ఇంజను. లోపమల్లా గేర్లు మార్చడంలోనే. రెండు నుంచి మూడుకి వెళ్ళేలోపు పక్క బండి మలుపు తిరిగి కనపడకుండా పోయేది. వారం రోజులు దాని కింద పడుకుని ఆ జబ్బు కుదిర్చింది బాబాయి కూతురు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఊహ తెలిసినప్పటినుంచీ చేతిలో పానా విడవదని దాన్ని అందరం పానా అనే పిలిచేవాళ్ళం. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఒక్క తాతయ్యకి తప్ప. కళ్ళ ఆపరేషనై ఆ వారమంతా ఆయన మంచం దిగలేదు.

పోటీకి పేరు పంపాల్సిన చివరిరోజు మధ్యాహ్నమే మళ్ళీ షెడ్డుకొచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో కుర్చీ వేయించుకుని, బండి ఎవరు నడుపుతారో రాసే పోటీవాళ్ళ కాగితం మోకాలి మీద పరుచుకున్నాడు.

"అయిదింటికల్లా ఇది పంపాలి. గేర్లు ఎవరు చేశారు?"

పానా అప్పుడే బకెట్టు ముందు కూర్చుని చేతుల గ్రీజు వదిలించుకుంటోంది. అది తలెత్తి నోరు తెరిచేలోపు బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆ వారమంతా స్పేర్ పార్టుల కొట్లో కాలు మీద కాలేసుకుని కబుర్లు చెప్పిన మనిషి. ఆ కొండ మీద ఆ బండి తోలాలని ఆయనకి ఎన్నాళ్ళనుంచో కోరిక.

"ఏముంది నాన్నా, చిన్న పనే," అంటూ టైర్ల దొంతర మీద సర్దుక్కూర్చుని టీ గ్లాసు ఊదుకున్నాడు. "గేరు రాడ్డు కింద రబ్బరు బుష్షులు అరిగి పుచ్చిపోయాయి. నేను గేరు వేస్తుంటే, 'ఉండు, ఆలోచించి చెప్తాం' అంటున్నాయి. పీకి పారేసి ఇత్తడివి వేశా. గేరుబాక్సులో చిక్కటి నూనె తీసేసి పల్చటిది పోశా. క్లచ్చి సరిచేశా. సెకను పట్టే గేరు అరసెకనులో పడింది. అంతే."

అంతవరకూ ప్రతి మాటా నిజమే. చేసిన చేతులు మాత్రం బకెట్లో ఉన్నాయి. పానా, తండ్రి మాటకి అడ్డం వెళ్ళే పిల్ల కాదు. సబ్బు తీసుకుని మళ్ళీ మొదటినుంచీ రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"అరసెకనే!" అన్నాడు రంగులాయన. మా షెడ్డులో బండ్లకి రంగు వేసేది ఆయనే. బాబాయి ఏం చెప్పినా పని ఆపి వచ్చి కూర్చునేదీ ఆయనే.

"అరసెకను మొదటిరోజు మాటయ్యా! చెయ్యి అలవాటు పడొద్దూ? రెండోరోజుకి పావు. మూడోరోజు ఏమైందో తెలుసా? గేరు రాడ్డు పైగుండు మీద ఈగ వాలింది. వాలనీ పాపం అని నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసేసి చూద్దును కదా, అది ఇంకా అక్కడే కూర్చుని కాళ్ళు రుద్దుకుంటోంది! కింద గేరు మారిన సంగతే దానికి తెలీదు!"

"ఇంట్లో లేచి ఫ్యాను స్విచ్చి వెయ్యడానికి పావుగంట పడుతుంది ఈయనకి," అంది పిన్ని, ఖాళీ గ్లాసులు ఏరుతూ.

"నువ్వుండవే. అసలు కథ ఇప్పుడే మొదలైంది. నిన్న పొద్దున్నే బండి తీసుకుని కొండ దగ్గరికి వెళ్ళానా..."

"నిన్న మీరు తొమ్మిదింటిదాకా లేవలేదుగా!"

"లేవకముందే వెళ్ళొచ్చా! ఎంత వేగంగా వెళ్ళొచ్చానంటే, తిరిగొచ్చి పడుకునేసరికి దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది. నువ్వు నిద్దట్లో అటు తిరిగి ఇటు తిరిగేలోపు రెండు కొండలెక్కా, తెలుసా?"

రంగులాయన తొడ మీద చరుచుకుని నవ్వాడు. తాతయ్య పెదవి కూడా ఓ పక్కకి వంగింది. అది చూడగానే బాబాయికి హుషారొచ్చి దొంతర మీంచి లేచి నిలబడ్డాడు.

"కొండ మొదట్లో బండి వదిలా. రెండు వేశా. చప్పుడు లేదు. మూడు వేశా. ఊహూఁ. ఇదేమిట్రా, ఇంజను గానీ ఆగిపోయిందా అని కంగారుపడుతూనే నాలుగు వేసి, మలుపు తిరిగి, అద్దంలో చూద్దును కదా, వెనకాల ఒకటో గేరు చప్పుడు రొప్పుకుంటూ వస్తోంది పాపం! దాని వెనక రెండోది, దాని తోక పట్టుకుని మూడోది! కాసేపు ఆగి వాటిని ఎక్కించుకుని వెళ్దామా అనిపించింది."

"ఆగారా?"

"ఆగడానికి బ్రేకు మీద కాలు వెయ్యాలిగా, అప్పటికే బండి ఇంకో మలుపు తిరిగింది. అక్కడ దారి పక్క ఓ ఫొటోలాయన నిలబడున్నాడు. టప్పున ఒకటి తీశాడు. ఆ ఫొటోలో ఏముందో తెలుసా? నాకు అయిదు చేతులు! గేరుకో చెయ్యి, స్టీరింగుకొకటి! దేవుడి బొమ్మనుకుని కళ్ళకద్దుకున్నాడు ఆయన!"

స్వామీ, మా బాబాయి తెలియక అంటున్నాడు అని నేను లోపల్లోపలే వేడుకున్నాను. నవ్వు మాత్రం ఆగలేదు.

"అంత వేగంలో రాడ్డెలా దొరుకుతుందండీ చేతికి?" అన్నాడు రంగులాయన.

"అదీ అడగాల్సిన మాట!" బాబాయి అరచెయ్యి తెరిచి అందరికీ తిప్పి చూపించాడు. "చూసి వేసేదాన్ని గేరంటారా? అన్నం తినేటప్పుడు నోరెక్కడుందో వెతుక్కుంటామా? ఆ రాడ్డుని కిందినుంచి పైగుండు దాకా ఈ వారంలో ఎన్నిసార్లు విప్పానో, ఎన్నిసార్లు బిగించానో! ఎక్కడుందో ఈ అరచేతికి తెలుసు. నిద్రలేపి అడగండి, కళ్ళకి గంతలు కట్టి అడగండి, వెంట్రుకవాసి తప్పితే నన్ను ఈ షెడ్డులో అడుగు పెట్టనివ్వకండి!"

బకెట్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

బాబాయి వినిపించుకోలేదు. ఆయనిప్పుడు కొండ శిఖరం మీద ఉన్నాడు. "పైకెక్కేశా. వెంటనే బండి తిప్పి దిగుతున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఓ ఎర్ర బండి పైకొస్తోంది! అచ్చం మన రంగే! ఎవడికి వేశాడ్రా ఈ రంగు అని ఇదిగో ఈయన్ని తిట్టుకుంటూ పక్కకి జరిగి దారిచ్చా. ఆ బండివాడు చెయ్యెత్తి నవ్వాడు. ఎవరా అని చూస్తే, నేనే! ఇంకా మూడో గేర్లో ఎక్కుతున్నా!"

"మీరు దారిచ్చారా?" అన్నాడు రంగులాయన. "ఆ ఒక్కటీ నమ్మలేనండీ."

వసారా అంతా గొల్లుమంది. తాతయ్య కూడా నల్లద్దాల కింద కళ్ళు తుడుచుకుని, గోడ గడియారం వైపు మొహం పెట్టాడు. అయిదుకి పదినిమిషాలుంది. పెన్ను మూత తీశాడు.

"సరేరా. కోతలు ఎన్ని కోసినా పనైతే చేశావు. నీ పేరే రాస్తున్నా."

పిన్ని చేతిలో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఆవిడ కూతురివైపు చూసింది. నేనూ చూశాను. వారంలో ఒక్కరోజైనా ఆ పిల్ల వేళకి అన్నం తినలేదు. కొండ మలుపులన్నీ కాగితం మీద గీసి తలగడ కింద పెట్టుకునేది. తాతయ్య పెన్ను కాగితాన్ని తాకింది, మొదటి అక్షరం పడింది.

పానా లేచి చేతులు తుడుచుకుంది.

"తాతయ్యా, ఒక్క నిమిషం. నాన్నా, ఆ మూడో గేరేదో మాక్కూడా ఒక్కసారి వేసి చూపించవూ? చూడకుండా వేస్తావే, అది."

గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు కథ చెప్పమని అడిగినట్టే అడిగింది.

"ఒక్కసారేమిటే, వందసార్లు!" అని బాబాయి ఒక్క అంగలో బండి దగ్గరికి వెళ్ళి, తలుపు తీసి, అందులో కూర్చున్నాడు. కూర్చుంటున్నంతసేపూ మొహం మావైపే ఉంది. వినేవాళ్ళ మీంచి కళ్ళు తిప్పడం ఆయనకి చేతకాదు. ఒక చెయ్యి స్టీరింగు మీద వేశాడు. కాలు క్లచ్చి తొక్కింది.

"రెప్ప వెయ్యకండి మరి! ఒకటీ, రెండూ..."

రెండో చెయ్యి గద్దలా లేచి, వాలి, గుప్పెట మూసింది.

గుప్పెట్లో గాలి తప్ప ఏమీ లేదు.

మొహం మావైపే నవ్వుతూ ఉంది. చెయ్యి మాత్రం మళ్ళీ లేచింది, మళ్ళీ మూసింది. మళ్ళీ గాలే. కాస్త ముందుకి, కాస్త వెనక్కి, దోమల్ని పట్టుకుంటున్నట్టు ఆడింది.

"పడిందాండీ?" అన్నాడు రంగులాయన.

"పడకేం? ఎప్పుడో పడింది!" అన్నాడు బాబాయి. "ఎంత వేగంగా వేశానో చూశావా? రాడ్డే కనపడట్లేదు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. పానా బండి దగ్గరికి వెళ్ళి, చొక్కా జేబులోంచి చిన్న ఇనప ముక్క తీసి, ఇంకా గాల్లోనే ఉన్న తండ్రి గుప్పెట విప్పి అందులో పెట్టింది. రంపంతో కోసిన కొస ఇంకా మెరుస్తోంది.

"పొద్దున్న కోశాను నాన్నా. రాడ్డు పొట్టిదైతే చెయ్యి అంత దూరం ఊగక్కర్లేదు, గేరు తొందరగా పడుతుంది. గుండు మళ్ళీ కింద బిగించాను. నువ్వు వెతుకుతున్నది ఈ ముక్క కోసం."

బాబాయి అప్పటికి కిందికి చూశాడు. మునుపు ఉండే చోటికి నాలుగు వేళ్ళ కింద, కొత్తగా తుడిచిన గుండు బుద్ధిగా కూర్చునుంది.

తాతయ్య కాగితం మీద పడిన ఆ ఒక్క అక్షరాన్నీ కొట్టేసి, కాగితం ముక్కుకి ఆనించుకుని, నెమ్మదిగా మనవరాలి పేరు రాయడం మొదలుపెట్టాడు.

బాబాయి ఆ ముక్కని తిప్పి తిప్పి చూశాడు. వేళ్ళు ఆనించి కొలుచుకున్నాడు. ఆయన మొహంలో నవ్వు పోయి, వచ్చి, మళ్ళీ నిలబడింది.

"నాలుగు వేళ్ళేనా కోసింది? నేనైతే అయిదు కోసేవాణ్ణి!"

తాతయ్య రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే అన్నాడు.

"నాలుగు కోస్తేనే నీకు దొరకలేదు. దిగరా, పిల్ల ఎక్కాలి."