ముందు పాదాలు చూడమన్న శాస్త్రవేత్త

డాక్టర్ వరూధిని గారు 1991వ సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, పాత మద్రాసు రోడ్డు మీదనున్న మన పరిశోధనా కేంద్రంలో శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాటి హాజరు పట్టీలో వారి సంతకం కింద ఉన్న సంతకం నాది. టెక్నీషియన్‌గా నేనూ అదే రోజు చేరాను. ఈ నవంబర్ ముప్ఫయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేయనున్న సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికకు నన్ను రెండు పుటలు రాయమని సంపాదకవర్గం కోరింది. తేదీలు తప్పకుండా, పొగడ్త మితిమీరకుండా రాయమని కూడా హెచ్చరించింది. మొదటిది నాకు చేతనవును. రెండోదాని విషయంలో మాట ఇవ్వలేను. వీటికి తోడు, అయిదేళ్లుగా నేను చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటి ఉంది. దాన్ని వారు ఈ కార్యాలయం దాటి వెళ్లకముందే వారి కుటుంబ సభ్యుల ఎదుట, మీ అందరి ఎదుట చెప్పి తీరాలన్నది నా పట్టుదల.

మదనపల్లెలో జన్మించి, అక్కడి కళాశాలలో పదమూడేళ్లు వృక్షశాస్త్రం బోధించి, బోధిస్తూనే డాక్టరేటు సాధించిన వరూధిని గారు, భర్త శ్రీ రాజగోపాల్ గారికి టెలిఫోన్ శాఖలో బెంగళూరుకు బదిలీ కావడంతో ఈ నగరానికి వచ్చారు. అప్పటికి వారి కుమార్తె అక్షర రెండో తరగతి చదువుతున్నది. పాఠం చెప్పిన అలవాటు వారిని ఇక్కడికీ వదలలేదు. నేను సీసా మీద పేరు సగమే రాసి పెడితే, తరగతిలో పిల్లవాడిని నిలబెట్టినట్టు నన్ను నిలబెట్టి, మిగిలిన సగం నా చేతనే చదివించేవారు. కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టి పెరిగిన నాకు తెలుగు మాట్లాడడమే తప్ప రాయడం అంతంతమాత్రంగా వచ్చేది. ఈ వ్యాసంలో ఏ వాక్యమైనా సవ్యంగా నిలబడి ఉంటే ఆ పుణ్యం వారిదే.

తొలి పదేళ్లు వారి కృషి అంతా మొక్కల మీదనే సాగింది. పల్లె జనం గాయాలకు వాడే ఆకుల్లో సూక్ష్మజీవులను చంపే గుణం నిజంగా ఉందా, ఉంటే ఎంత ఉందన్నది వారి ప్రశ్న. ఆకును నీడన ఆరబెట్టి, పొడి చేసి, ఆల్కహాలులో నానబెట్టి సారం తీసేవాళ్లం. ఆ సారంలో ముంచిన చిన్న కాగితపు బిళ్లను, సూక్ష్మజీవులను పెంచిన పళ్లెంలో ఉంచి, మరునాడు ఆ బిళ్ల చుట్టూ ఎంత మేర ఖాళీ ఏర్పడిందో కొలిచేవాళ్లం. ప్రతి పళ్లెంలోనూ ఆకు సారం లేని, ఉత్త ఆల్కహాలులో ముంచిన బిళ్ల ఒకటి తప్పనిసరిగా ఉండాలన్నది వారి శాసనం. చంపింది ఆకా, ఆల్కహాలా అన్నది తేలకుండా ఆకును మెచ్చుకోవడం వారికి ససేమిరా ఇష్టం లేదు. మేము అన్నిటికంటే ఎక్కువగా పరీక్షించింది పల్లెల్లో పుండ్ల మీద పసరు పిండే గాయపాకును. వేలకొద్దీ బిళ్లలు ముంచిన నా వేళ్లకు ఆ రోజుల్లో దాని వాసన పోయేది కాదు.

ఆ గాయపాకు సంగతులు తెలుసుకోవడానికే మేము హొసకోటె సంతకు వెళ్లేవాళ్లం. అక్కడ ఆకుకూరలమ్మే సొన్నమ్మ అనే పెద్దావిడ వరూధిని గారికి గురుస్థానంలో ఉండేది. మేము కోసుకొచ్చిన ఆకును ఒకసారి వాసన చూసి పక్కకు నెట్టేసింది. "పూత పట్టినాక కోస్తే ఆకులో పస యాడుంటాదమ్మా? ఇంత చదువుకోని ఇదీ తెలీదా" అన్నది. వరూధిని గారు నొచ్చుకోకపోగా, పూతకు ముందు కోసిన ఆకును, పూత తరువాత కోసిన ఆకును విడివిడిగా పరీక్షించి, ఖాళీలో మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నట్టు నిర్ధారించి, 1996లో ప్రచురించిన పత్రంలో సొన్నమ్మకు పేరు పెట్టి కృతజ్ఞతలు తెలిపారు. ఆ పత్రం ప్రతిని స్వయంగా తీసుకెళ్లి ఇచ్చారు కూడా. సొన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, భద్రంగా మడిచి రొండిన దోపుకుంది.

మహదేవపుర చెరువు గట్ల మీద మేము ఆకు కోసిన చోట్ల ఇప్పుడు అద్దాల భవంతులు లేచాయి. ఆ మార్పు మన కేంద్రంలోకీ వచ్చింది. 2000 ప్రాంతంలో మొక్కల పరిశోధనకు ఆదరణ తగ్గి, గుండె జబ్బుల పరిశోధనకు ప్రాధాన్యం పెరిగింది. తోటి శాస్త్రవేత్తలు కొందరు అలిగారు, కొందరు వేరే చోట్లు వెతుక్కున్నారు. వరూధిని గారు మాత్రం నలభై తొమ్మిదేళ్ల వయసులో రక్త పరీక్షల పుస్తకాలు ముందేసుకుని, తనకంటే ఇరవై ఏళ్లు చిన్నదైన సంధ్య అనే శాస్త్రవేత్త దగ్గర కొత్త యంత్రం నడపడం నేర్చుకున్నారు.

2003లో వారి ఆధ్వర్యంలో ఒక పెద్ద అధ్యయనం ఆరంభమైంది. రక్తంలో సి.ఆర్.పి. అనే మాంసకృత్తు ఒకటి ఉంటుంది. అది కాస్త ఎక్కువగా ఉన్నవారికి ముందుముందు గుండె జబ్బు వచ్చే అవకాశం ఎక్కువని అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకుంటున్నది. బ్రూక్‌ఫీల్డ్‌లోని కంప్యూటర్ ఉద్యోగులు రెండు వందల మందిని, మహదేవపురలో భవనాలు కడుతున్న కూలీలు రెండు వందల పన్నెండు మందిని పరీక్షించి పోల్చాలన్నది సంకల్పం. అయితే ఆ మాంసకృత్తుకు ఒక గుణం ఉంది: ఒంట్లో ఎక్కడ పుండున్నా, చీమున్నా అది పెరుగుతుంది. అందుకే మా ఫారంలో 'జ్వరం, గాయం, పుండు' అని ఒక గడి పెట్టారు. అవి ఉన్నవారిని లెక్కలోంచి తప్పించాలి.

కూలీల శిబిరంలో పొద్దున్నే, వారు పనికి ఎక్కకముందు, బల్ల వెనుక కూర్చుని రక్తం తీసింది, ఫారాలు నింపింది నేను. మొదటి మూడు రోజులు ఆ గడిలోని ప్రశ్న అందరినీ అడిగాను. అందరూ లేవనే చెప్పారు. నాలుగో రోజు నుంచి అడగడం మానేశాను. సాయంత్రం ఆఫీసులో కూర్చుని, ఒకే కలంతో, పై నుంచి కింది దాకా 'లేవు', 'లేవు' అని రాసుకుంటూ పోయాను.

ఫలితాలు వచ్చాయి. కూలీల్లో నూటముప్ఫై తొమ్మిది మందికి ఆ మాంసకృత్తు సూచిక ప్రమాద గీత దాటింది. కూలి జనం గుండెలు అంత ప్రమాదంలో ఉన్నాయన్న పత్రాన్ని ఢిల్లీ సదస్సు వెంటనే ఆమోదించింది. విభాగాధిపతి పదవి అప్పటికి ఖాళీగా ఉంది. అది వరూధిని గారిదేనని డైరెక్టరు గారే అందరితో అన్నారు. రక్తం ఇచ్చినవారికి వారి ఫలితం చేతికి అందాలన్నది వరూధిని గారి నియమం గనుక, ఎవరి ఫలితం వారికి, గీత దాటినవారికైతే ప్రమాదం ఉన్నదని కూడా, చీటీలు కన్నడంలో, తెలుగులో రాసి కూలీలందరికీ పంచాం.

పది రోజులకు నాగలక్ష్మి అనే ఆమె, కదిరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కూలి చేసుకుంటున్నామని చెప్పి, మా ప్రయోగశాల గుమ్మంలో నిలబడింది.

"మా ఆయప్పకు గుండెకాయ బాగలేదని మీరు చీటీ ఇచ్చినారు కదమ్మా. మేస్త్రీ దాన్ని చూసి, పైనుంచి పడి పోతే నా మెడకు చుట్టుకుంటాది, నువ్వు పనికి రావద్దప్పా అనేసినాడు. పది దినాలుగా షెడ్డులోనే ఉండాడు. అంత సీరియస్సా ఏమన్నా?"

"ఎదలో నొప్పి గానీ, ఆయాసం గానీ ఉండాదా?" అని వరూధిని గారు మదనపల్లె మాటలోకి దిగి అడిగారు.

"ఏమీ లేదు. సిమెంటు మూట ఎత్తుకోని మూడంతస్తులు ఎక్కుతాడు."

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకుని ఆటోలో వారి షెడ్డుకు వెళ్లారు. భర్త లింగన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. వరూధిని గారు అతని నాడి చూశారు, రక్తపోటు చూశారు, ఒంట్లో వేడి ఉందేమోనని చూశారు. తరువాత, "కాళ్లు చూపించప్పా" అన్నారు. అతను సిగ్గుపడి పాదాలు వెనక్కి లాక్కున్నాడు. "కాళ్లకేముండాదమ్మా, సిమెంటులో నిలబడే కాళ్లు. అందరికీ ఇట్లే ఉంటాయి."

వారు ఆ మట్టి నేల మీద కూర్చుని అతని పాదం చేతిలోకి తీసుకున్నారు. మడమలు వేలు పట్టేంతగా పగిలి ఉన్నాయి. వేళ్ల సందుల్లో చీము ఉంది.

"స్టాన్లీ, ఈయన ఫారంలో గాయాల గడిలో ఏం రాసి ఉంది?"

"లేవని ఉంది మేడమ్."

వారు నా వంక ఒక్క క్షణం చూశారు. "పద, మిగిలినవాళ్ల కాళ్లు కూడా చూద్దాం" అన్నారు. సాయంత్రమయ్యేలోగా ముప్ఫై ఒక్కరి పాదాలు చూశాం. ఇరవై ఆరుగురికి పుండ్లు ఉన్నాయి. మేము ఢిల్లీకి గుండె జబ్బని రాసి పంపింది చాలావరకు సిమెంటు తిన్న పాదాల సంగతి.

బయల్దేరేటప్పుడు లింగన్న, "గాయపాకు పసరు పోసుకొనేదా అమ్మా?" అని అడిగాడు. పదేళ్లు ఆ ఆకు మీదే పనిచేసిన మనిషి ఏమంటారోనని నేను చూస్తున్నాను. "ఆకు సంగతి నేనింకా పూర్తిగా తేల్చలేదప్పా. డాక్టరిచ్చే మందు పూసుకో, కాళ్లు తడవకుండా చూసుకో" అన్నారు. వైద్యుణ్ని తామే పిలిపించారు. ఆరు వారాలకు పుండ్లు మానాక మళ్లీ రక్తం తీస్తే సూచిక గీతకు బాగా దిగువన ఉంది. ఆ కాగితం పట్టుకుని, మేస్త్రీ దగ్గరికి, అతని పైనున్న ఇంజనీరు దగ్గరికి స్వయంగా వెళ్లి, ఇచ్చిన చీటీ తప్పని చెప్పి, లింగన్నను తిరిగి పనిలో పెట్టించారు. రెండు వందల పన్నెండు మందికీ వెనక్కి తీసుకుంటున్నామని కొత్త చీటీలు పంచారు. ఢిల్లీకి ఉత్తరం రాసి పత్రాన్ని ఉపసంహరించుకున్నారు.

డైరెక్టరు గారు ఆగ్రహించారు. ఒక్క గడి కోసం అంత పనిని నీళ్లపాలు చేశారన్నారు. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం వేశారు. నేను బయట బెంచీ మీద కూర్చుని, పిలుస్తారని ఎదురుచూశాను. పిలవలేదు. లోపల వరూధిని గారు చెప్పింది రెండు మాటలేనట: "ఫారం తయారుచేసింది నేను, శిబిరం నడిపింది నేను. లోపం నాది." నేను లేచి తలుపు తట్టవచ్చు. తట్టలేదు. చిన్న ఉద్యోగం, ఇంట్లో ఇద్దరు పిల్లలు అని నాకు నేను చెప్పుకున్నాను. 'నమూనాల సేకరణలో తగిన జాగ్రత్త లోపించింది' అన్న వాక్యం వారి సర్వీసు రిజిస్టరులోకి ఎక్కింది. రెండు నెలలకు విభాగాధిపతి పదవి వేరొకరికి దక్కింది. వారికి అది మళ్లీ రానే లేదు.

ఆ తరువాత వారు నాతో ఆ విషయం ఎత్తలేదు. ఒక్కటి మాత్రం చెప్పారు: "ఇకమీదట బల్ల వెనక కూర్చోవద్దు స్టాన్లీ. వాళ్ల ముందర పీట వేసుకోని కూర్చో. ముందు పాదాలు చూడు, ఆ తర్వాత రక్తం తియ్యి." నాటి నుంచి నేటి వరకు నేను పీట మీదనే కూర్చుంటున్నాను. 2007లో పుండ్లున్నవారిని సరిగా తప్పించి వారు మళ్లీ జరిపిన అధ్యయనంలో, కూలీలకూ కంప్యూటర్ ఉద్యోగులకూ చెప్పుకోదగ్గ భేదం కనిపించలేదు. ఆ చిన్న పత్రాన్ని ఏ సదస్సూ ఆహ్వానించలేదు. మన కేంద్రం నుంచి వెలువడిన పత్రాల్లో నేను తల ఎత్తుకుని చూపించేది అదే.

ఇది రాస్తానని చెబితే వారు వారించారు. "అయిపోయిందాన్ని ఇప్పుడు తవ్వడం ఎందుకప్పా?" అన్నారు. వారి మాట నేను జవదాటడం ఇదే మొదటిసారి. రాజగోపాల్ గారూ, చిరంజీవి అక్షరా, ఆ పదవి ఎందుకు రాలేదో వారు మీకు చెప్పి ఉండరని నా నమ్మకం. ఆ గడులు నింపింది నేను.

నవంబర్ రెండవ తేదీన ఈ సంగతంతా రాసి, సంతకం చేసి, పరిపాలనా విభాగంలో ఇచ్చాను. అక్కడి సూపరింటెండెంటు బైరప్ప గారు కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివారు. "అయిదేండ్లయిపోయింది కదప్పా. ఇప్పుడు దీన్ని యాడ పెట్టేది?" అన్నారు.

"ఆ వాక్యాన్ని మేడమ్ రిజిస్టరులోంచి తీసి, నా దాంట్లో పెట్టండి" అన్నాను.

ఆయన లేఖ అందినట్టు ముద్ర వేశారు. వరూధిని గారు వెళ్లేనాటికి ఆ పుట నిర్మలంగా ఉంటుందని ఆశిస్తున్నాను. వారి శేష జీవితం సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో, రాజగోపాల్ గారి సాహచర్యంలో, ఎవరి తప్పునూ నెత్తిన వేసుకోవలసిన అవసరం లేకుండా సాగాలని మనసారా కోరుకుంటున్నాను. మేడమ్, లోపం నాది.

కె. స్టాన్లీ,
సీనియర్ టెక్నీషియన్