అండమాన్‌లో మిగిలిపోయిన సోమవారం

"కొబ్బరిచెట్టెక్కడం నాకొక లెక్కా వదినా? కాకపోతే ఆ రోజు సరదాకి ఎక్కలా. కింద సిగ్నల్ లేక ఎక్కా," అని మొదలుపెట్టాడు పుల్లారావు.

బ్రహ్మం పదకొండో రోజు భోజనాలు అప్పుడే అయ్యాయి. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లం పదిమందిమి మిగిలాం. నాపరాళ్ల అరుగు మీద ఆడవాళ్లు కూర్చున్నారు. బ్రహ్మం భార్య లక్ష్మి గడప మీద కూర్చుంది. భర్త పోయిన కబురు తెలిసినప్పటినించీ ఆమె వచ్చినవాళ్లందర్నీ ఒకటే ప్రశ్న అడుగుతోంది, ఎవరూ జవాబు చెప్పడం లేదు. ఇప్పుడు పుల్లారావు దొరికాడు. "సోమవారమంతా ఖాళీగానే ఉన్నారంట గదా. మరి మా ఆయన నాకొక్క ఫోనెందుకు చెయ్యలేదు?" అని నిలేసింది.

ఆ సోమవారం సంగతి చెప్పాలి. మండలాధ్యక్షుడి ఎన్నికకి వారం ముందు మా పక్షం ఎంపీటీసీలందర్నీ, అవతలివాళ్లు లాక్కుపోకుండా, అండమాన్ దీవుల్లో క్యాంపు పెట్టారు. క్వారీ లారీ తోలే మా బ్రహ్మం ఈ ఊరి ఎంపీటీసీ. పుల్లారావు పక్క ఊరి ఎంపీటీసీ, క్యాంపు పెత్తనం అతనిదే. ఎన్నిక బుధవారం, తిరుగు విమానం మంగళవారం, అంతకుముందు సోమవారం ఒకటి పనేమీ లేకుండా మిగిలింది. ఆ సాయంత్రం బ్రహ్మం గుండె ఆగి చనిపోయాడు. లక్ష్మికి ఆ కబురు బుధవారం ఓట్లన్నీ పడ్డాక చెప్పారు. పుల్లారావు ఇప్పుడు మండల ఉపాధ్యక్షుడు.

అతని కోతలు మాకు కొత్త కాదు. మామూలు రోజుల్లో టీ కొట్టు దగ్గర వాటికోసమే కూర్చునేవాళ్లం. ఆ రోజు మాత్రం ఎవరికీ నవ్వాలని లేదు, అతన్ని ఆపాలనీ తోచలేదు.

"ఆ హోటలు సముద్రం ఒడ్డునే వదినా, ఏసీ గదులు, తెల్లటి దుప్పట్లు, పొద్దున్నే ఇడ్లీ కూడా పెడతారు గానీ చట్నీలో ఉప్పుండదు, అదట్టా ఉంచు. సోమవారం పొద్దున్నే బ్రహ్మన్న నా గదికొచ్చాడు. 'పుల్లారావూ, లెక్కలు తేలినయి, ప్రమాణాలైనయి, ఈ రోజంతా ఏం చేస్తాం, లక్ష్మితో ఒకసారి మాట్లాడాలి' అన్నాడు. ఆయన అడిగితే నేను కాదంటానా? పదమన్నా."

"మాత్ర వేసుకున్నాడా పొద్దున?" అంది లక్ష్మి.

"నేనే దగ్గరుండి వేయించా."

"చొక్కా ఏది?"

పుల్లారావు ఒక్క క్షణం తడుముకున్నాడు. "నీలం గళ్లది."

లక్ష్మి తలూపింది. ఆ చొక్కా ఆమె సర్దిందే అయ్యుంటుంది.

"బయటికొచ్చి చూస్తే సిగ్నల్ చుక్క లేదు. ఎదురుగా కొబ్బరిచెట్టు. ఎంతుంటదో తెలుసా? రెండొందల అడుగులు. పంచె ఎగ్గట్టి ఎక్కా. మట్ట మీద నిలబడి ఫోను ఎత్తి పట్టుకుంటే ఒక గీత వచ్చింది, గాలికి మట్ట ఊగంగానే పోయింది. ఊరికే దిగడం ఎందుకని రెండు బోండాలు కోసి, ఒకటి పైనించి అన్న చేతిలోకి వేశా. చుక్క కిందపడలేదు."

"రెండొందల అడుగులంటే అది కొబ్బరిచెట్టా, సెల్ టవరా?" అన్నాడు సుబ్బన్న. అతనూ క్వారీ లారీ డ్రైవరే, బ్రహ్మం జతగాడు.

"అక్కడ భూమి వేరు సుబ్బన్నా, నువ్వెళ్తే తెలిసేది. ఆ తర్వాత ఏమైందో విను. చెట్టు మీదనించి నాకొక లైట్‌హౌస్ కనపడింది, ఓడలకి దారి చూపించేదిలే. మూడు మైళ్లుంటది, నడిచాం. అన్నకి ఆయాసమొస్తదని సగందూరం నేనే వీపున మోశా. అక్కడి కాపలావాడు లోపలికి పోనియ్యనన్నాడు. నేను వాడితో హిందీలో మాట్లాడా. నాకు హిందీ రాదు. అయినా మాట్లాడా. వాడు చేతులు కట్టుకుని తాళాలిచ్చాడు. తొమ్మిదొందల మెట్లు. పైకెక్కి నంబరు కొడితే ఎవరిదో గొంతు 'హలో' అంది. నువ్వేననుకున్నాం వదినా. కాదు, ఎవరో సింహళదేశం మనిషి. సిగ్నల్ అటు గుంజుతుందన్నమాట."

"పుల్లారావూ," అన్నాడు అలీ సాహెబ్ మెల్లగా. మా ఊళ్లో అందరికంటే పెద్దవాడు. "ఇది చావిల్లు."

"చెప్పనియ్యి భాయ్," అంది లక్ష్మి. "ఆయన గురించి ఎవురూ ఇంత చెప్పలేదు నాకు."

పుల్లారావుకి అదే చాలు. కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"ఇక లాభం లేదు, నడిసముద్రంలోకి పోతే ఏ కొండా అడ్డముండదని ఒక పడవ మాట్లాడా. సరంగుకి జొరమొచ్చింది, నేనే తోలా. లారీ అయితేనేం, పడవయితేనేం, స్టీరింగు స్టీరింగే గదా. అరగంట పోంగానే ఇంజను ఆగింది. తెడ్డు లేదు. టిఫిను గిన్నె మూతతో నీళ్లు తోశా. అలా తోస్తంటే గిన్నె మూతని ఏందో లాగింది. వంగి చూద్దును గదా, మొసలి! మామూలుది కాదు, మన ఊరి బడి గోడంత పొడుగు. అన్న నా భుజం పట్టుకున్నాడు. నేను 'కదలమాకన్నా' అని, నా మెడలో తువ్వాలు తీసి, అది నోరు మూసిన అదునులో చుట్టేసి ముడేశా. తర్వాత పడవ తాడు దాని ముక్కుకి ఎద్దుకి కట్టినట్టు కట్టా. 'హెయ్' అన్నా. ఇంకేం, పడవ రయ్యిమని పోయింది. కుడి తాడు లాగితే కుడికి, ఎడమ లాగితే ఎడమకి."

"ఆయన నవ్వాడా?" అంది లక్ష్మి.

"నవ్వడమా! కళ్లెంబడి నీళ్లొచ్చిందాకా నవ్వాడు. 'ఇది లక్ష్మికి చెబితే నమ్మదురా' అన్నాడు."

లక్ష్మి పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. భర్త పోయినప్పటినించి మేం ఆమె మొహంలో చూసిన మొదటి నవ్వది. అబద్ధమని తెలిసీ మా అందరికీ కాస్త ఊపిరాడింది. పోనీలే, ఆమెకి ఏదో ఒకటి దక్కిందనుకున్నాం. అరుగు చివర గ్రేసమ్మ ఒక్కతే తలొంచుకుని, తాగని మంచినీళ్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. ఆమె పైపేట నించి గెలిచిన ఎంపీటీసీ. ఆ క్యాంపులో ఆమె కూడా ఉంది.

"అట్టా మధ్యాహ్నందాకా పోయాం. దీవులన్నీ వెనక్కి పోయినయి, చుట్టూ నీళ్లే. అప్పుడు ఒక నల్లటి దిబ్బ కనపడింది. దిగాం. మెత్తగా ఉంది. నాకు అనుమానమొచ్చి కాలితో తంతే దిబ్బ తలెత్తి నన్ను చూసింది. తాబేలయ్యా! మన మండలాఫీసు, పక్కన గోడౌను, ఎదురుగా పార్కింగు, అన్నీ కలిపితే ఎంతుంటదో అంత. వయసు వెయ్యేళ్లుంటది. నేను దాని వీపు మీద నిలబడ్డా, అన్న నా భుజాల మీద నిలబడ్డాడు, తాబేలు మెడ ఎత్తింది. ఫోన్లో గీతలెన్నో తెలుసా? నాలుగుండాలా? ఆరొచ్చినయి!"

సుబ్బన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వుకో, ఏడుపుకో నాకు తెలియలేదు.

"అప్పుడు చేశాడా?" అంది లక్ష్మి. ఆమె గడప మీదనించి లేచి నిలబడింది.

పుల్లారావు ఇక్కడ ఆగాడు. ఇంత దూరం ఎగబాకాడు గానీ ఇక్కడినించి దిగే దారి చూసుకోలేదు. ఫోను చేసి మాట్లాడాడంటే కుదరదు, మాట్లాడలేదని ఆమెకే తెలుసు. అతని కళ్లు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత, మామూలుగా కోతలు కోసేటప్పుడుండే ధీమాతోనే అనేశాడు.

"చేశాడు వదినా. పదిసార్లు మోగింది. నువ్వే ఎత్తలా."

"ఎన్నింటికి?" అంది లక్ష్మి.

"మూడు... మూడున్నరవుద్ది."

"మూడింటికా? మూడింటికి నేను చేలో ఉన్నా. మిరపకాయ కోతలు. ఫోను ఇంట్లో చార్జింగు పెట్టి పోయా. వచ్చాక చూశా... చూశాననే గుర్తు. ఏమీ లేవు. చెరిగిపోయినయ్యా? పిల్లలేమన్నా నొక్కారా?" చూస్తుండగానే ఆమె రెండు చేతుల్తో తలమీద కొట్టుకుంది. "ఆరు రోజులు నేను దాన్ని రొంటిన పెట్టుకుని తిరిగా. ఆ ఒక్కరోజే ఇంట్లో పెట్టా. అయ్యో, పదిసార్లు చేశాడా? చివరి మాట, నేనే ఎత్తలేదా?"

ఆడవాళ్లు ఆమె చేతులు పట్టుకున్నారు. "ఊరుకో వదినా, నీ తప్పేముంది, రాసిపెట్టుంది," అన్నాడు పుల్లారావు. నాకు అతన్ని కొట్టాలనిపించింది. అన్నిటికంటే పెద్ద అబద్ధం ఆ తాబేలు కాదు, ఇది. కానీ మేమెవరమూ ఆ దీవికి వెళ్లలేదు. ఏమని అడ్డం పడతాం?

గ్రేసమ్మ గ్లాసు అరుగు మీద పెట్టి లేచింది.

"సోమవారం మనం గది దాటలేదు పుల్లారావూ."

"గ్రేసమ్మా, నువ్వు ఊరుకో. నీకు తెలీదు. మీరు ఆడవాళ్లంతా వేరే..."

"బ్రహ్మన్న ఒక్కడే ఉన్నది మా పక్క గదిలోనే. మధ్యలో గోడే." ఆమె ఆగలేదు. "అవతలి పక్షం మనుషులు కూడా అదే దీవిలో దిగారని కబురొచ్చింది. ఆ రోజు కర్టెన్లు కూడా తియ్యనీయలేదు నువ్వు. సముద్రం పక్కనే ఉన్నా కంటికి కనపడలేదు. తలుపులకి బయట తాళమేశావు. అందరి ఫోన్లూ మొదటిరోజే పేర్లు రాసి సంచీలో వేసుకున్నావు. ఆ సంచీ నీ గది బీరువాలో పెట్టావు."

"మన పక్షం పెద్దాయన చెప్పింది చేశానే గానీ..."

"పొద్దున ఇడ్లీ ఇచ్చేటప్పుడు బ్రహ్మన్న అడిగాడు, ఛాతీలో పట్టేసినట్టుంది, ఒక్క ఫోనియ్యమని. ఓటేసి వచ్చాక మాట్లాడుకో అన్నావు. మధ్యాహ్నం మళ్లీ అడిగాడు. ఫోను వంకతో అమ్ముడుపోదామనుకుంటున్నావా అన్నావు. నేను గోడ ఇవతలినించి విన్నా. తర్వాత తలుపు కొట్టాడు. చానాసేపు కొట్టాడు. సాయంత్రం టీ తెచ్చినవాడు తాళం తీసేసరికి అయిపోయింది."

అలీ సాహెబ్ కళ్లు మూసుకున్నాడు. "మరి ఇన్నాళ్లు చెప్పలేదేమ్మా?" అని అడిగాడు.

"క్యాంపులో సంగతి బయటికి చెప్పనని అందరి చేతా ఒట్టు పెట్టించారు సాహెబ్. మిగతావాళ్లకి దేవుడి పటం, నాకు బైబిలు. ఆ భయంతో నోరు మూసుకున్నా. ఇప్పుడు లక్ష్మి తల కొట్టుకుంటుంటే నా ఒట్టు ఎవరికి కావాలి? దేవుడు నన్నేం చేస్తాడో చెయ్యనీ. నేను కూడా ఆ రోజు గట్టిగా అరవలేదు. అది నా తప్పే."

లక్ష్మి ఏడుపు ఆగిపోయింది. "ఫోనిస్తే నాతో ఏం చెప్పాలనుకున్నాడో అన్నాడా?" అని అడిగింది.

గ్రేసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "గోడ అవతలినించి నాతో అన్నాడు. 'నేను అడిగితే వీళ్లు ఆస్పత్రికి తీసుకుపోవట్లేదు, లక్ష్మి ఒక్క అరుపు అరిచిందంటే తీసుకుపోతారు' అన్నాడు."

లక్ష్మి అరుగు దిగింది. పుల్లారావు కుర్చీకి ఎదురుగా వచ్చి నిలబడింది. అతను లేవబోయాడు. సుబ్బన్న అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఆరోజు నా ఫోను మోగిందా?"

"వదినా, నీ మనసు కుదుటపడుద్దని..."

"మోగిందా?"

"మోగలేదు," అన్నాడు పుల్లారావు నేలచూపులు చూస్తూ.

"గట్టిగా చెప్పు. తాబేలు సంగతి వీధి చివరిదాకా వినపడింది. ఇది కూడా వినపడాలి."

పుల్లారావు తలెత్తి మమ్మల్నందర్నీ చూశాడు. ఎవరైనా ఒక మాట అడ్డం వేస్తారేమోనని చూసినట్టున్నాడు. ఎవరమూ వెయ్యలేదు.

"మోగలేదు," అన్నాడు.

"ఇంకా గట్టిగా," అంది లక్ష్మి.