ముందు సీట్లో అమ్మగారు

ఈతకొలను పక్కనున్న బెంచీ మీద ఒక విశ్రాంత శిక్షకుడూ, ఒకనాటి ఆయన శిష్యురాలూ కూర్చుని ఉన్నారు. ఇప్పుడు ఆ కొలను బాధ్యత ఆమెదే.

"వాన పడితే మమ్మల్ని మీ పాత కారులో దింపేవారు, గుర్తుందా మాస్టారూ? అమ్మగారు ముందు సీట్లో కూర్చోందే బండి కదిలేది కాదు."

"మా ఆవిడ పొయ్యి మీది కూర దించి మరీ వచ్చేది, పాపం."

"మీకు అమ్మగారంటే హడలని వెనక సీట్లో ఒకటే నవ్వుకునేవాళ్ళం."

"వినపడేదిలే. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని నేను పెట్టుకున్న నియమమది. నా మీద నాకు అనుమానం ఉండి కాదు. నేను పాటిస్తేనే కదా, పాటించనివాడు తేడాగా కనిపించేది!"

"కనిపించాడండీ. ఇక్కడ నా దగ్గరున్న సహాయ శిక్షకుడు ఒక పాపను రోజూ ఒంటరిగా కారులో దింపుతున్నాడు. వద్దన్నా మానలేదు. నిన్న ఆ పిల్ల, 'నడిచే పోతానక్కా, ఆ కారెక్కను' అని ఏడ్చింది."

"నువ్వేమన్నావు?"

"చెప్పి మంచిపని చేశావు, నీ తప్పేం లేదన్నాను. గుచ్చి గుచ్చి అడగలేదు. వాళ్ళమ్మను పిలిపించి పంపాను."

"మంచిది. పిల్లల రక్షణాధికారులకు ఫోన్ చేశావా?"

"అక్కడే మనసొప్పడం లేదు. ఎన్నాళ్ళ స్నేహితుడో! నా అనుమానం తప్పయితే అతని పరువేం కాను?"

"తప్పో ఒప్పో తేల్చడం వాళ్ళ పని. చెప్పడం నీ పని. తేలేదాకా అతను ఈ గేటు దాటి లోపలికి రాకూడదు."

"నంబరు తీశాను, నొక్కలేకపోతున్నాను మాస్టారూ."

"మొదటిసారి ఎత్తు మీంచి దూకమన్నప్పుడూ ఇలాగే అంచున ఆగిపోయావు."

"అప్పుడు కింద నీళ్ళలో మీరున్నారు."

"ఇప్పుడు పక్కనే ఉన్నాను. చెయ్యమ్మా."