వసంతమ్మ ఈయం చెంబులో ఇరుక్కున్న అయస్కాంతం

చింతపండు సారు కాచుకునేదానికి నేను వసంతమ్మ దగ్గర వాళ్ళమ్మ కాలం నాటి ఈయం చెంబు, తగరంతో చేసింది, అడిగి తెచ్చుకున్న మాట నిజమే. రేపు వసంతమ్మ కూతురి సీమంతం. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా ఆ చెంబులో సారు కాగాల్సిందే. పొద్దున్నే చెంబు కోసం వచ్చి పుంగనూరులో మా అరుగు మింద కూర్చుంది. ఎదురింటి మునెప్ప కూడా చేరినాడు. నేను జరిగింది జరిగినట్టే చెప్పినాను.

"మోకాలి స్కానుకు మదనపల్లె పొయినానా, ఆకలేస్తే తాగుదామని చెంబులో సారు పోసుకోని పొయినా. ఆ మిషన్లో తీగ చుట్టను మంచుకన్నా మహా సల్లటి దాంట్లో ముంచి పెడతారంట, అప్పుడు కరెంటు ఆగకుండా తిరుగుతానే ఉంటాదంట, మిషనంతా పెద్ద అయస్కాంతమైపోతాదంట..."

"రెడ్డెమ్మక్కా, చెంబు యాడ?" అనింది వసంతమ్మ.

"ఆడికే వస్తాండానమ్మా! ఆ సల్లటి పొగ కారి చెంబుకు తగిలింది. ఈయం అంత సల్లబడితే అయస్కాంతాన్ని దగ్గరికి రానీదంట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరు తాళాలు, నర్సు కత్తెర, ఇనప మంచం, అన్నీ మిషన్‌ కేసి ఎగిరినాయి. చెంబు అడ్డం పెట్టినా. నా తాళికుండే పిన్నీసు కూడా కదల్లేదు!"

"సారు?" అన్నాడు మునెప్ప.

"గడ్డకట్టింది. కొరుక్కోని తిన్నా."

"అక్కా, నాకు ఇంటినిండా పనులుండాయి. చెంబు!"

"ఉండు మే! చెంబు సల్లబడక ముందే దాని లోపల దూరిన మిషన్ అయస్కాంతం బలం బయటికి రాలేక ఆడే బిగుసుకుపొయింది. మూత పెట్టేసి బస్సెక్కినా. డ్రైవరు స్టీరింగు వదిలేసినా బస్సు నా సీటు ఎనకాలే వచ్చింది. పుంగనూరులో దిగితే అది మా ఇంటికే వస్తాదని కుప్పం దాకా పొయినా. ఆడ బెంగుళూరు రైలు పట్టాలు దిగి నాకేసి మెడ తిప్పింది! స్టేషన్ మాస్టరు కాళ్ళు పట్టుకున్నాడు, 'అవ్వా, ఆ చెంబు ఈడే వదిలి పో' అని. ఇప్పుడది స్టేషన్ కప్పు కింద గాల్లో తేలుతాండాది. కదిలిస్తే దేశంలో రైళ్ళన్నీ వచ్చి దానికి అతుక్కుంటాయి. నువ్వే చెప్పు వసంతా, సారు ముఖ్యమా, రైళ్ళు ముఖ్యమా?"

మునెప్ప చప్పట్లు కొట్టబోయినాడు. వసంతమ్మ నవ్వలేదు. లేచి కొంగు దోపుకునింది.

"ఈయం చెంబు ఉత్తది మంట మింద పెడితే కరిగి ముద్దవుతాదని మాయమ్మ సచ్చేదాకా చెప్పింది. నీకూ చెప్పే ఇచ్చినా. నిజం చెప్పక్కా, నీళ్ళు పొయ్యకముందే పొయ్యి ముట్టించినావు కదా?"

నేను అరుగు మింద ఇంకొంచెం ఎనక్కి జరిగినా.

"మంట... సన్నగానే పెట్టినానమ్మా."