దించిన రాయి

మనసులోని బరువుకు గుర్తుగా యాత్రికులు కింది నుంచి మోసుకొచ్చిన రాళ్ళను కొండ మీది సిలువ దగ్గర దించుతున్నారు. పెద్దకోడలు కూడా తన రాయి దించి, ఆయాసం తీర్చుకుని, వెంట నడిచొచ్చిన తోటికోడలి వైపు తిరిగింది.

"నిన్ను క్షమించేశాను, పో."

"నేనేం చేశానక్కా?"

"తొమ్మిదేళ్ళ కిందట నా కుట్టుమిషను పాడుచేశావుగా. ఆ భారం ఇవాళ్టితో వదిలింది."

"అయ్యో, అది నేను కాదు! బావగారి ప్యాంటు చిరిగితే ఆయనే కుట్టుకోబోయారు. మీకు చెప్పొద్దని నన్ను బతిమాలారు."

"మరి ఇన్నేళ్ళూ నోరు మెదపలేదేం?"

"మీరు ఒక్కసారైనా అడిగితేగా!"

పెద్దకోడలు తోటికోడలి చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తర్వాత వంగి, తన రాయిని వెతికి మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"అదెందుకక్కా?"

"ఇప్పుడు ఆయన్ని క్షమించాలిగా. దానికి ఇంకో తొమ్మిదేళ్ళైనా పట్టదూ!"