మెంతి గంజి

కోసపాళయంలో మేడ మీద చిన్న వాటా. ఉప్పళం నుంచి కూతురు సుధ కోసం కనకం రోజూ లాగే పొద్దున్నే మెంతి గంజి మోసుకొచ్చింది. నిన్ననే కనకం స్కాను ఫలితం తెలిసింది. ఆ ఊసు రాకుండా తప్పించుకోవాలని తల్లి చూస్తుంటే, ఇవాళ వదిలిపెట్టకూడదని కూతురు పట్టు మీద ఉంది.

"నేను అడిగింది అది కాదుమా."

"ముందు గంజి తాగు సుధా. ఆరిపోతే చేదు తేలుతుంది."

"తాగతా ఉండా. రొమ్ము ఆపరేషన్ అయినప్పట్నుంచి రోజుకొక మాత్ర మింగమన్నారు కదా, మింగతా ఉండావా లేదా?"

"మింగతానే ఉండా."

"డాక్టరమ్మ నమ్మలేదు. ఆ మాత్ర మింగేవాళ్ళకు శానామందికి కీళ్ళు పట్టేస్తాయంట. మీ అమ్మ ఏ నొప్పీ లేదంటుందే, ఎట్ల అనింది. నిజమే కదా. అంత దూరం నడిచొచ్చి గబగబా మెట్లెక్కేస్తావు. నాకే పొద్దున లేస్తే వేళ్ళు ముడుచుకోవు."

"నీకు ఒంట్లో సత్తువ లేదు. అందుకే తాగమనేది."

"మాట మార్చొద్దు. క్యాన్సర్ ఎముకలోకి దిగింది అన్నారుమా. నిన్న తిరిగొచ్చేటప్పుడు బస్సులో నీ పక్కన నవ్వతా కూచున్నా గానీ, ఇంటికొచ్చి మీ అల్లుడి ముందర ఎంత ఏడ్చినానో నాకే తెలుసు. నాకు భయంగా ఉంది. నిజం చెప్పు."

"ఆపేసినా."

"ఏంది?"

"ఆపేసినా అంటా ఉండా. శానా నాళ్ళయింది."

"ఎందుకుమా?"

"గర్భసంచి తీసేసినారు. ముట్టు లేదు ఏమీ లేదు. ఆడ హార్మోన్‌ను ఆపేదానికని ఇచ్చినారు ఆ మాత్ర, అది ఊరేదే ఆ సంచిలో కదా. సంచే లేనప్పుడు ఇంక దేన్ని ఆపేదానికి మాత్ర?"

"సంచిలో ఊరదుమా. దాని పక్కన రెండు అండాశయాలు ఉంటాయి, వాటిల్లో ఊరతుంది. నీ వయసుకు అవి ఆరిపోతాయి, నిజమే. అయినా ఒళ్ళు ఊరుకోదు. కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయి, అవి మగ హార్మోన్ వదలతాయి..."

"ఆడదాని ఒంట్లో మగదా?"

"అందరి ఒంట్లో ఉంటుంది. నవ్వొద్దు. ఆ మగ హార్మోనే కొవ్వులోకి పోయి ఆడ హార్మోన్‌గా మారతుంది. అదే ఈస్ట్రోజెన్. పాలకు తోడేస్తే పెరుగైనట్టు. నీ మాత్ర ఆ తోడును పని చెయ్యనీదు. నీ క్యాన్సర్‌కు తిండే ఆ ఈస్ట్రోజెన్. నువ్వు మాత్ర ఆపి దానికి కూర్చోబెట్టి తినిపించినావు."

"నాకు ఎవురూ ఇట్ల చెప్పలేదే."

"రోజూ మింగు అని చెప్పినారు కదా, అది చాలదా? మాత్రలన్నీ ఏం చేసినావు? నెలనెలా నేనే కొనిస్తిని. పారేసినావా?"

"మందు పారేస్తానా నేను."

"మరి యాడ ఉండాయి?"

"గంజి... ఒక మాట చెప్పు ముందు. నీకు బిడ్డ నిలవాలని అదే మాత్ర ఇచ్చినారు కదా. నాకు చదవను రాదు గానీ అట్ట చూస్తే తెలుస్తుంది."

"అదే మాత్ర. నాకు నెలలో కొన్ని దినాలే. ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడు ఉలిక్కిపడి అండాశయాన్ని తట్టి లేపుతుంది, గుడ్డు ఎదగతుంది. అంతటితో నిలిపేయాల."

"కొన్నిటికే లేస్తే, రోజూ పడితే ఇంకా బాగా లేస్తుంది కదా."

"మందు ఏమన్నా కూరలో ఉప్పా, చాలకుంటే ఇంకొంచెం వేసేదానికి? ఎందుకు అడగతావు?"

"ఊరికే."

"ఊరికే ఏంది, ముఖం అట్ల పెట్టుకుని. సరే, ఇంకో సంగతి. నీ స్కాను బాగా వస్తే చెప్దామనుకున్నా. ఇంక ఆగలేను. నిలిచిందిమా."

"ఏంది నిలిచింది?"

"బిడ్డ. రెండో నెల. ఇన్నేళ్ళకు."

"రెండో నెలా?"

"నువ్వు ఎత్తుకోవాల కదా. డాక్టరమ్మ వేరే మందు రాస్తుంది, మింగతానని నా తల మీద చెయ్యి పెట్టు. నువ్వు లేకుంటే నేను ఏం కావాల? ఏందిమా, నా గ్లాసు పక్కే చూస్తా ఉండావు?"

"ఆ మాత్ర... కడుపుతో ఉండేవాళ్ళు మింగితే?"

"మింగనే కూడదు. బిడ్డకు కాళ్ళూ చేతులూ అన్నీ ఏర్పడేది ఇప్పుడే. అందుకే ముట్టు తప్పినప్పట్నుంచి నేను ఒకటి కూడా ముట్టలేదు. ఎందుకు ఏడస్తావు? మింగలేదు అంటా ఉండా కదా."

"ఆ గ్లాసు కింద పెట్టు."

"సగమే అయింది. నువ్వే కదా తాగు తాగు అని..."

"తాగొద్దు. కింద పెట్టు సుధా. నీకు తొందరగా నిలవాలని, నా మాత్ర రోజూ దాంట్లోనే నూరి తెస్తా ఉండా."