లంగరు తాడు అతుకు

హలో… ఆ, నేనేరా, అమ్మని. ఇందాకట్నుంచి చేస్తుంటే ఎత్తవేం?… ఇంజను ఆగిపోయిందా? మరి పడవ?… లంగరు వేశారా.

ఏ తాడుతో వేశారు?… అదే, నేను మొన్న అతికి ఇచ్చిన తాడేనా?

ఏం లేదు… ఏం లేదన్నాగా. గాలి ఎటుంది?… బండలవైపే తోస్తోందా.

ఒరే, చెప్తాను, కంగారుపడకు. ఆ తాడు సగం పాత నారది, సగం కొత్త నైలాను. నేను నార తాడుకి చేసినట్టే చేశాను… అదే, పాయలు విప్పి, ఇందులోవి అందులోకి మూడుసార్లు దూర్చి బిగించాను. నారకి మూడు చాలు, గరుగ్గా ఉంటుంది, పట్టుకుంటుంది. నైలాను నునుపు కదా, జారిపోతుందట. ఆరుసార్లైనా దూర్చాలట. ఇప్పుడే తాళ్ళ కొట్టాయన చెప్పాడు… పైగా చూడ్డానికి బాగుండాలని మిగిలిన కొనలు పొట్టిగా కోసేశాను, కాస్త జారినా ఊడొచ్చేస్తాయి.

…మావయ్య నవ్వుతున్నాడా? నవ్వనీ. అవును, మబ్బు పడితే తుఫానంటాను, నువ్వు తుమ్మితే జ్వరమంటాను. ఇది అలాంటిది కాదురా. ఇది నేను చేసిన పని.

పైకి లాగి అతుకు మీద ఓ ముడి వెయ్యండి… ఎన్ని బారల లోతులో ఉంది?… ఎనిమిదా. అంత లాగితే లంగరే లేచిపోతుంది… నిజమే. రెండో లంగరు?… రంగు వేద్దామని ఒడ్డున దించేశారా.

లేదు, తిట్టట్లేదు.

లాక్కొచ్చే పడవకి చెప్పారా?… గంటలోనా. గంటా…

ఆ కిర్రుమనేదేంటి?… తాడేనా… మావయ్య నవ్వు వినబడట్లేదేం?

లైఫ్ జాకెట్ వేసుకో. బిగుతుగా ఉందని విప్పెయ్యకు. మావయ్యకీ తొడుగు… వద్దంటే నేనన్నానని చెప్పు.

నేనా? ఇంకా కొట్లోనే ఉన్నా. నైలాను ఎలా దూర్చాలో ఆయన చేసి చూపిస్తున్నాడు… చూస్తున్నా. ఇప్పుడు చూసి ఏం చేసుకోను.

…పడవ కదిలిందా? ఎంత?… ఒక్కసారేనా, మళ్ళీ ఆగిందా?

సరే. నువ్వు మాట్లాడకు. ఫోను అలా జేబులో వేసుకో, నేను ఊరికే వింటూ ఉంటా… ఆ పడవవాళ్ళు చేస్తారా. లైను ఖాళీగా ఉండాలా… ఆ, ఉండాలి, ఉండాలి. అయితే పెట్టెయ్ నాన్నా…

నన్ను పెట్టమనకురా. నాకు చెయ్యి రాదు. నువ్వే పెట్టు.